కాగితం లేని శిక్ష

హైదరాబాద్ కృష్ణానగర్‌లో ఎవరినీ ఉద్యోగంలోంచి తీసెయ్యరు. తీసెయ్యడానికి ఉద్యోగమంటూ ఉంటే కదా! గణపతి కాంప్లెక్స్ చుట్టుపక్కల తెల్లవారకముందే నిలబడే జూనియర్ ఆర్టిస్టుకైనా, లైట్లు మోసే కుర్రాడికైనా, కాస్ట్యూమ్స్ ఇస్త్రీ చేసే మనిషికైనా పని అంటే ముందు రోజు రాత్రి వచ్చిన ఫోన్. రేపు ఫలానా చోట షూటింగ్, ఇన్ని గంటలకల్లా బండి దగ్గర ఉండాలి అని ఏజెంటో ప్రొడక్షన్ మేనేజరో చెబితే పని ఉన్నట్టు, ఫోన్ రాకపోతే లేనట్టు. ఎందుకు రాలేదో ఎవరూ చెప్పరు. సీనుకు జనం అక్కర్లేకపోవచ్చు. సినిమాలే తగ్గి ఉండొచ్చు. మొహం పాతబడిందని ఎవరో అని ఉండొచ్చు. లేదా మొన్న సెట్‌లో ఒక పెద్దమనిషి చెయ్యి ఎక్కడో వేస్తే నలుగురిలో గట్టిగా అడిగినందుకు కావచ్చు. బయటికి మాత్రం ఈ నాలుగూ ఒకేలా కనిపిస్తాయి: మోగని ఫోన్. పెద్ద కంపెనీల్లో నైతిక ప్రవర్తన గురించీ, నిబంధనల అమలు గురించీ రాసేవాళ్లు సాధారణంగా హైటెక్ సిటీ అద్దాల మేడల వైపు చూస్తారు. అక్కడ ఆ పనికి ఒక విభాగం, దానికో అధిపతి, ఏడాదికోసారి అందరూ గబగబా నొక్కి ముగించే ఆన్‌లైన్ శిక్షణ ఉంటాయి. ఇవేవీ లేని జూబ్లీహిల్స్ దిగువ వీధుల్లో నిలబడి చూస్తేనే అసలు చిక్కు ఎక్కడుందో తేటగా కనిపిస్తుందని నా నమ్మకం.

సంస్థలో నీతి అక్కడి మనుషుల గుణగణాల మీద కంటే, చెడు కబురు నడిచే దారి మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుందని నేననుకుంటాను. తప్పు చేసినవాడి చేతుల మీదుగా పోకుండా, చెప్పినవాడి కూటికి ఎసరు రాకుండా, ఆ కబురు వినాల్సినవాడి చెవిన పడే దారి ఒకటి ఉంటే ఆ సంస్థ ఎంతో కొంత శుభ్రంగా ఉంటుంది. అది లేనప్పుడు గోడల మీద విలువల పట్టికలు ఎన్ని తగిలించినా ఫ్రేములు కట్టినవాడికి తప్ప ఎవరికీ లాభం లేదు. అమెరికాలో ఎన్రాన్ కంపెనీ 2000లో ఉద్యోగులకు పంచిన నీతి నియమావళి 64 పేజీలు. తర్వాతి ఏడాది డిసెంబరుకల్లా కంపెనీ దివాలా తీసింది. అందులో రాసినవన్నీ మంచి మాటలే.

అంత దూరం పోవడం దేనికి, మన ఊళ్లోనే సత్యం కంప్యూటర్స్ ఉంది. 2008లో కార్పొరేట్ పాలనలో శ్రేష్ఠమైన కంపెనీ అని గోల్డెన్ పీకాక్ పురస్కారం అందుకున్న సంస్థ అది. బోర్డులో పేరున్న ప్రొఫెసర్లు, విశ్రాంత ఉన్నతాధికారి, ప్రపంచం ఎరిగిన ఇంజనీరు. ఆడిట్ చేసింది ప్రైస్ వాటర్‌హౌస్. చట్టం అడిగిన కమిటీలన్నీ ఉన్నాయి, అడగని హంగులు కూడా ఉన్నాయి. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ బయటికొచ్చాక తేలిందేమిటంటే, పుస్తకాల్లో ఉన్న రూ. 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో రూ. 5,040 కోట్లు అసలు లేనే లేవు. ఇంత పెద్ద బొంకు అన్నేళ్లు ఎలా నిలిచింది? జవాబు చాలా చిన్న చోట ఉంది. బ్యాంకులో ఉందంటున్న డబ్బు నిజంగా ఉందా అని ఆడిటరు బ్యాంకుకు ఉత్తరం రాయాలి. జవాబు నేరుగా ఆడిటరుకే రావాలి. ఆడిట్ నేర్చుకునే కుర్రాడికి మొదట చెప్పే పాఠాల్లో ఇదొకటి. సత్యంలో ఆ ఉత్తరాలు కంపెనీ మనుషుల చేతుల మీదుగా వెళ్లి, వాళ్ల చేతుల మీదుగానే తిరిగొచ్చేవి. 2011 ఏప్రిల్‌లో అమెరికా నియంత్రణ సంస్థలు ప్రైస్ వాటర్‌హౌస్ భారతీయ విభాగాలకు మొత్తం 75 లక్షల డాలర్ల జరిమానా వేసినప్పుడు ముఖ్యంగా వేలెత్తి చూపింది ఈ లోపాన్నే. ఉత్తరం ఉంది, సంతకం ఉంది, ముద్ర ఉంది, ఫైలూ ఉంది. అది నడిచిన దారి మాత్రం తప్పు.

మిగతా కథలోనూ అదే తీరు. దొంగ బిల్లులు ఏడు వేలకు పైగా పుట్టాయని సీబీఐ తేల్చింది. కంపెనీ బిల్లుల సాఫ్ట్‌వేర్‌లోనే 'సూపర్ యూజర్' అనే ప్రత్యేక లాగిన్‌తో వాటిని తయారుచేశారు. పని చేసిన ప్రాజెక్టు మేనేజర్లకు అవి కనిపించవు, ఫైనాన్సు విభాగానికే కనిపిస్తాయి. అంటే 'ఈ పని మేం చెయ్యలేదే' అనగలిగిన మనిషి కంటికి ఆ కాగితం ఎన్నడూ పడలేదు. 2008 డిసెంబరు 16న రాజు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లు పెట్టి కొందామన్న ప్రతిపాదన బోర్డు ముందుకొస్తే అంతటి ఉద్దండుల్లో ఒక్కరూ అడ్డం తిరగలేదు. మదుపర్లు మండిపడ్డాక కొన్ని గంటల్లోనే దాన్ని వెనక్కి తీసుకున్నారు. లెక్కల్లో మోసం ఉందని 'జోసెఫ్ అబ్రహాం' అనే మారుపేరుతో ఒక స్వతంత్ర డైరెక్టరుకు ఈమెయిల్ వచ్చింది కూడా ఆ నెలలోనే. తెలిసినవాడు లోపల ఉన్నాడు. చెప్పాలన్న మనసూ ఉంది. సొంత పేరుతో చెప్పే ధైర్యం మాత్రం ఆ పురస్కారాల కంపెనీ ఇవ్వలేకపోయింది. 2015 ఏప్రిల్ 9న ప్రత్యేక కోర్టు పది మందిని దోషులుగా తేల్చి ఏడేళ్ల జైలుశిక్ష వేసింది. నాకు మాత్రం ఆ తీర్పు కంటే ఆ మారుపేరే ఎక్కువ ఆలోచించదగ్గది అనిపిస్తుంది.

ఆ దెబ్బ నుంచి చట్టం పాఠం నేర్చుకోలేదని అనలేం. 2013 కంపెనీల చట్టం లిస్టెడ్ కంపెనీలన్నీ ఫిర్యాదుల యంత్రాంగం పెట్టుకోవాలంది. ఫిర్యాదు చేసినవాడిని వేధించకుండా కాపాడాలంది. అవసరమైతే అతను నేరుగా ఆడిట్ కమిటీ అధ్యక్షుడినే కలవొచ్చంది. ఆడిటర్లను నిర్ణీత గడువుకోసారి మార్చాలంది. మోసం కంటబడితే ఆడిటరు ప్రభుత్వానికే చెప్పాలంది. ఇవన్నీ దారికి సంబంధించిన మార్పులే, గమనించండి. డైరెక్టర్లు సచ్ఛీలురై ఉండాలని శాసించడం వల్ల ప్రయోజనం లేదని పార్లమెంటుకు అర్థమైంది. అయినా ఫోన్ నంబర్ ఉండటం వేరు, ఆ నంబరుకు ఫోన్ చేశాక ఉద్యోగం మిగలడం వేరు. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకులో ఖాతాదారులకు తెలియకుండా లక్షల ఖాతాలు తెరిచిన సంగతి 2016లో రచ్చకెక్కింది. ఆ బ్యాంకుకు నీతి హాట్‌లైన్ ముందునుంచీ ఉంది. దానికి ఫోన్ చేసినందుకే తమను ఏదో ఒక వంకతో తీసేశారని పలువురు మాజీ ఉద్యోగులు చెప్పుకున్నారు. ఫిర్యాదు చేసి ఉద్యోగం పోగొట్టుకున్న ఒక మేనేజరును తిరిగి తీసుకుని 54 లక్షల డాలర్లు చెల్లించాలని 2017లో అక్కడి కార్మిక శాఖ ఆదేశించింది. ఆ మేనేజరుకు కనీసం చూపించడానికి ఒక తొలగింపు ఉంది, దానికో తేదీ ఉంది. కృష్ణానగర్ మనిషికి ఆ మాత్రం ఆధారం కూడా ఉండదు.

ఎందుకు లేదో తెలియాలంటే సినిమా కంపెనీ స్వరూపం చూడాలి. మద్రాసులో ఒకప్పుడు పరిశ్రమకు నిజంగానే పెద్ద కంపెనీల ఆకారం ఉండేది. జెమినీ, వాహినీ లాంటి స్టూడియోల్లో నెల జీతగాళ్లు ఉండేవారు. విజయా సంస్థ ఎన్టీ రామారావునే నెల జీతం మీద తీసుకుంది. ఆ పద్ధతిలో దోషాలు లేవని కాదు, కానీ రేపు కూడా అదే గేటు, అదే యజమాని. పరిశ్రమ హైదరాబాద్‌లో స్థిరపడేనాటికి ఆ ఆకారం కరిగిపోయింది. స్టూడియో అద్దెకిచ్చే చోటు అయింది. నిర్మాణ సంస్థ బోర్డు పెద్దదే అయినా ఒక్కో సినిమాకు ఒక్కో యూనిట్ పుడుతుంది, గుమ్మడికాయ కొట్టగానే విడిపోతుంది. వందల కోట్ల సినిమా తీసే యూనిట్‌లో రోజుకు వందల మంది పనిచేస్తారు. ఆ సంఖ్యకు ఏ ఫ్యాక్టరీ అయినా పెద్ద కంపెనీయే. కానీ వాళ్లలో చాలామందికి యజమాని ఎవరంటే వేలు చూపించడం కష్టం. నిర్మాత డబ్బు ఇస్తాడు, మేనేజరు లెక్క రాస్తాడు, ఏజెంటు మనుషుల్ని తెస్తాడు, యూనియన్ కార్డు ఇస్తుంది, డిపార్ట్‌మెంట్ హెడ్ పని చెబుతాడు. సాయంత్రం ఓచర్ మీద సంతకం పెట్టించుకునేది మరొకరు. సినిమా కార్మికుణ్ణి రాతపూర్వక ఒప్పందం లేకుండా పనిలో పెట్టుకోకూడదని పార్లమెంటు 1981లోనే చట్టం చేసింది. ఆ ఒప్పందం కాగితం చేతిలో ఉన్న జూనియర్ ఆర్టిస్టులు ఎందరని కృష్ణానగర్ టీ కొట్టు దగ్గర అడిగి చూడండి, ముందు నవ్వు వినిపిస్తుంది. యజమాని ఇంతమందిగా విడిపోయినప్పుడు బాధ్యత కూడా అంతే సన్నగా విడిపోతుంది. శిక్షించే అధికారం మాత్రం ఆ వరుసలో ప్రతి ఒక్కరికీ పూర్తిగా ఉంటుంది. రేపు ఫోన్ చెయ్యకపోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

కాగితం లేని ఈ శిక్ష ఎప్పుడూ చాటునే పడుతుంది. ఒక్కసారి మాత్రం అందరూ చూస్తుండగా కాగితం మీదికి వచ్చింది. 2018 ఏప్రిల్‌లో నటి శ్రీరెడ్డి పరిశ్రమలో లైంగిక దోపిడీ జరుగుతోందంటూ ఫిల్మ్ ఛాంబర్ ముందు అర్ధనగ్నంగా కూర్చుని నిరసన తెలిపింది. ఆమె పద్ధతి సరైనదా, ఆమె ఎవరెవరి మీద ఏమేం అన్నది ఎంతవరకు నిజం అన్న చర్చలోకి నేను వెళ్లను. ఇక్కడ చూడాల్సింది సంస్థ ఏం చేసిందన్నది. ఆరోపణ వచ్చినప్పుడు విచారణకు ఒకరిని నియమించడం ఏ సంస్థకైనా మొదటి పని. మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్ ('మా') ముందుగా ప్రకటించింది మాత్రం తమ సభ్యులెవరూ ఆమెతో కలిసి నటించరని. జాతీయ మానవ హక్కుల కమిషన్ తనంతట తాను స్పందించి నోటీసులు ఇచ్చింది. కొద్ది రోజుల్లోనే 'మా' ఆ నిషేధాన్ని ఎత్తేసింది. ఎత్తేయడం మంచిదే. కానీ ఆ కొద్ది రోజుల్లోనే గణపతి కాంప్లెక్స్ దగ్గర నిలబడే ప్రతి అమ్మాయికీ అందాల్సిన సందేశం అందిపోయింది. అంత నిరసన, అన్ని టీవీ కెమెరాలు, ఢిల్లీ నుంచి నోటీసు ఉంటేనే నిషేధం రద్దవుతుంది. అవేవీ లేని మనిషి మీద నిషేధం ప్రకటించనే అక్కర్లేదు కాబట్టి రద్దు చేయించుకోవడానికీ ఏమీ ఉండదు.

తర్వాత జరిగినవి పరిశ్రమకు పూర్తిగా అప్రతిష్ఠ తెచ్చేవి కావు, ఒప్పుకోవాలి. మహిళా సంఘాలు హైకోర్టుకు వెళ్లాయి. తెలంగాణ ప్రభుత్వం 2019లో పరిశ్రమలో లైంగిక వేధింపులపై కమిటీ వేసింది. 2022లో ఆ కమిటీ నివేదిక ఇచ్చింది. కేరళలో అక్కడి సినీ పరిశ్రమలో స్త్రీల పరిస్థితిపై 2017లో ఏర్పడిన హేమ కమిటీ నివేదిక 2019 డిసెంబరులో ప్రభుత్వానికి చేరి, బాధితుల వివరాలు తొలగించాక 2024 ఆగస్టు 19న జనం ముందుకొచ్చింది. ఆ నెలలోనే నటి సమంత తెలంగాణ కమిటీ నివేదికను కూడా బయటపెట్టమని బహిరంగంగా అడిగింది. అప్పటికే నివేదిక ఇచ్చి రెండేళ్లు దాటింది. వాంగ్మూలం ఇవ్వడానికి ధైర్యం చేసిన స్త్రీల మాట రెండేళ్లు బీరువాలో పడి ఉండటమంటే సత్యం బ్యాంకు ఉత్తరంలాగే అదీ దారిలో ఆగిపోయినట్టే. ఈలోపు ఛాంబర్ ఫిర్యాదుల కమిటీ కూడా పెట్టింది, బయటివాళ్లకు అందులో చోటిచ్చింది. ఛాంబర్ భవనం దగ్గర ఫిర్యాదుల పెట్టె, ఫోన్ నంబర్, ఈమెయిల్ ఉన్నాయని ప్రకటించింది. నాకు ఆ పెట్టె దగ్గరే కాస్త ఆగాలనిపిస్తుంది. ఫిల్మ్ నగర్‌లో ఆ భవనానికి నిర్మాతలు వస్తారు, పంపిణీదారులు వస్తారు, వాళ్ల మేనేజర్లూ డ్రైవర్లూ వస్తారు. రేపటి ఫోన్ ఎవరి చేతిలో ఉందో వాళ్లందరూ తిరిగే చోట ఒక డాన్సరు పెట్టెలో కవరు వెయ్యాలి. పెట్టినవాళ్ల ఉద్దేశాన్ని నేను శంకించడం లేదు. పెట్టె ఉన్న చోటుని మాత్రం శంకిస్తున్నాను.

ఇక చట్టం సంగతి. 2013లో వచ్చిన లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం పది మంది, ఆ పైన పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. సీనియర్ మహిళ అధ్యక్షత వహించాలి, కనీసం సగం మంది సభ్యులు స్త్రీలే కావాలి, బయటి సభ్యులు ఒకరు ఉండాలి, విచారణ 90 రోజుల్లో ముగియాలి. పెట్టనివాడికి మొదటిసారి జరిమానా గరిష్ఠంగా రూ. 50,000. (పెద్ద హీరో సినిమాకు ఇది ఏ పద్దు కిందా లెక్కకు రాదు.) 2022 మార్చిలో కేరళ హైకోర్టు ఒక మంచి మాట తేల్చింది: ప్రతి సినిమా నిర్మాణ యూనిట్టూ పనిచేసే చోటే, కాబట్టి అక్కడా అంతర్గత కమిటీ ఉండాల్సిందే. మనదైతే ఎప్పటికప్పుడు పుట్టి చెదిరిపోయే యూనిట్ కదా అన్న వంక దాంతో చెల్లకుండా పోయింది. అయితే ఆ తీర్పుతో సగం పనే అయిందని నా అభిప్రాయం. ఆరు నెలలు బతికే యూనిట్‌లో కమిటీని వేసేది ఆ యూనిట్ నిర్మాతే. ఫిర్యాదు ఆ నిర్మాత నెత్తిన పెట్టుకునే దర్శకుడి మీదో హీరో మీదో వచ్చినప్పుడు కమిటీ సభ్యులు కూడా రేపటి ఫోన్ కోసం చూసేవాళ్లే అయి కూర్చుంటారు. పైగా 90 రోజుల విచారణ సాగుతుండగానే షూటింగ్ అయిపోతుంది, యూనిట్ చెదిరిపోతుంది. తప్పు తేలినా శిక్ష వెయ్యడానికి ఆ కంపెనీయే మిగలదు. తర్వాతి సినిమా యూనిట్‌కు ఈ ఫైలు సంగతి తెలిసే మార్గం లేదు. సినిమాల్లో మనిషి కలకాలం ఉంటాడు, కంపెనీ ఉండదు. ఆఫీసుల కోసం రాసిన చట్టం దీనికి తిరగేసి ఉన్న లోకాన్ని ఊహించుకుని రాసింది.

ఇక్కడ ఎదురయ్యే అభ్యంతరాల్లో ఎక్కువగా వినిపించేది, నిజానికి అన్నిటికంటే బలహీనమైనది, తప్పుడు ఫిర్యాదుల భయం. అవకాశం రాలేదన్న కక్షతో ఎవరైనా ఎవరి మీదైనా బురద చల్లొచ్చు కదా అంటారు. చల్లొచ్చు. దురుద్దేశంతో చేసిన తప్పుడు ఫిర్యాదుపై చర్య తీసుకోవచ్చని ఆ చట్టంలోనే ఉంది. రుజువు చేయలేకపోవడం ఒక్కటే తప్పుడు ఫిర్యాదు కిందికి రాదని కూడా ఆ పక్కనే ఉంది. పద్ధతి ప్రకారం రహస్యంగా జరిగే విచారణే నిర్దోషికి కూడా రక్షణ. విచారణ చోటు లేనప్పుడు ఆరోపణ టీవీ స్టూడియోకీ యూట్యూబ్ థంబ్‌నెయిల్‌కీ పోతుంది. అక్కడ నిర్దోషికి గానీ బాధితురాలికి గానీ ఏ గౌరవం దక్కుతోందో మనం చూస్తూనే ఉన్నాం. పరువు గురించి నిజంగా బెంగపడే హీరోలే అందరికంటే ముందు గట్టి విచారణ యంత్రాంగం కావాలని అడగాలి.

రెండోది ఖర్చు. చిన్న నిర్మాత అప్పు తెచ్చి సినిమా తీస్తాడు. క్యాటరింగ్ బిల్లే కట్టలేక తల పట్టుకునేవాడికి కమిటీలూ శిక్షణలూ ఎక్కడి నుంచి అంటారు. ఈ మాటలో న్యాయం ఉంది, దీన్ని తోసిపుచ్చను. ఒక్కో యూనిట్ తనకు తాను కమిటీ వేసుకోవాలనడమే అసమర్థమైన పద్ధతి. బరువు నిలిచి ఉండే సంస్థ మీద వెయ్యాలి. ఛాంబరూ సినీ కార్మికుల ఫెడరేషనూ కలిసి ఏడాది పొడవునా ఉండే ఒక్క విచారణ విభాగాన్ని పెట్టి, సినిమా బడ్జెట్‌ను బట్టి తలా కొంత కట్టుకుంటే చిన్న నిర్మాత వాటా నామమాత్రమే అవుతుంది. ఆ విభాగంలో నిర్ణయాధికారం సినిమాతో సంబంధం లేని న్యాయవాదికో విశ్రాంత న్యాయమూర్తికో ఉండాలి. బయటివాడికి సెట్ సంగతులు ఏం తెలుస్తాయి, ఇక్కడ దగ్గరితనం మామూలే, రొమాంటిక్ పాటకు కొలత ఎలా పెడతారు అని అప్పుడొక నవ్వు వస్తుంది. కెమెరా ముందు ఒప్పుకున్న స్టెప్పు వేరు, మేకప్ వ్యాను తలుపు మూసి అడిగింది వేరు. ఈ తేడా తెలియడానికి నృత్య దర్శకత్వం చేసి ఉండనక్కర్లేదు.

కాస్త బలమైన అభ్యంతరం ఇంకొకటి ఉంది, దాన్ని జాగ్రత్తగా వినాలి. ఇవన్నీ కాగితాల తతంగం, ఒక మంచి పెద్దమనిషి ఉంటే చాలు అనేది. తెలుగు సినిమాకు ఆ సంప్రదాయం ఉంది. దాసరి నారాయణరావు బతికుండగా జూబ్లీహిల్స్‌లో ఆయన ఇంటి గుమ్మం పరిశ్రమకు ఒక న్యాయస్థానమే. పారితోషికం ఎగ్గొట్టినా, టైటిల్ తగాదా వచ్చినా, కార్మికులూ నిర్మాతలూ భీష్మించుకున్నా కబురు అక్కడికే పోయేది, చాలాసార్లు చిన్నవాడికి న్యాయం జరిగేది. 2017 మే 30న ఆయన పోయాక పెద్దదిక్కు పోయిందని కార్మికులు ఏడ్చింది ఉత్తుత్తి ఏడుపు కాదు. ఆయన గుమ్మం పనిచెయ్యడానికి కారణమేమిటి? ఎవరి రేపటి ఫోన్ మీదా ఆధారపడని, ఏ నిర్మాత దయ మీదా బతకని స్థాయి ఆయనది. చెప్పుకోవడానికి వచ్చినవాడికి వెంటనే కీడు చేసే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. అంటే పెద్దరికం కూడా నేను చెబుతున్న దారి పద్ధతిలోనే పనిచేసింది, కాకపోతే ఆ దారి ఒక మనిషి పేరు మీద ఉంది. ఆ మనిషితోనే పోయింది. తీర్పులు రాతలో లేవు కాబట్టి తర్వాత వచ్చినవాళ్లకు ఆనవాయితీగా మిగల్లేదు. పైగా స్త్రీలు అన్ని విషయాలూ ఒక పెద్దాయన ముందు, పది మంది కూర్చున్న హాల్లో చెప్పుకోలేరు. తర్వాత పెద్దరికం ఎవరిదన్న తగవే కొన్నాళ్లు వార్త అయింది. మనిషి మంచితనాన్ని తీసిపారెయ్యమని నేననడం లేదు. అది పోయిన మర్నాడు కూడా కార్మికుడు చెప్పుకోవడానికి ఒక చోటు ఉండాలంటున్నాను.

మరి మోగని ఫోన్‌ను పట్టుకోవడం ఎలా? కాగితం లేని శిక్షకు సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? దొరుకుతుంది, యూనియన్ లెక్కల్లోనే ఉంది. ఎవరు ఏ రోజు ఏ సినిమాకు ఎన్ని కాల్షీట్లు చేశారో ఎక్కడో ఒక చోట రాస్తూనే ఉంటారు. రాయకపోతే ఎవరికీ డబ్బు కదలదు. ఫిర్యాదు చేసిన మనిషికి అంతకుముందు ఏడాదిలో నెలకు సగటున ఎన్ని పని రోజులు వచ్చాయి, తర్వాత ఎన్ని వచ్చాయి, అదే విభాగంలో మిగతావాళ్లకు ఎన్ని వచ్చాయి అని విచారణ విభాగం నెలనెలా పోల్చి చూస్తే చాలు. మిగతావాళ్ల పని నిలకడగా ఉండి ఈమెది ఒక్కసారిగా సగానికి పడిపోతే, ఎందుకో చెప్పాల్సిన భారం పిలవనివాళ్ల మీద పడాలి. దానితోపాటు విచారణ తేలేదాకా యూనియన్ కార్డు రద్దు చెయ్యకూడదు, బేటాతో సహా కూలి ఏజెంటు చేతికి పోకుండా నేరుగా మనిషి బ్యాంకు ఖాతాలో పడాలి. ఈ చివరి మాటకు వేధింపులతో సంబంధం ఏమిటని అడగొచ్చు. డబ్బు ఎవరి చేతి మీదుగా వస్తే నోరు వాళ్ల చేతిలో ఉంటుంది, సంబంధం అదే. ఎవరికి పని ఇవ్వాలో దర్శకుడి ఇష్టం కదా, కళకు కోటాలు పెడతారా అని ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. హీరోయిన్ ఎంపిక గురించి అయితే ఆ ప్రశ్నకు విలువ ఉంది. పెళ్లి సీనులో వెనక వరుసలో పూలు జల్లే యాభై మందిలో ఒకరిని ఎంచడంలో ఏ కళాస్వేచ్ఛా లేదు.

పరిశ్రమ తనంతట తాను ఇలాంటి లెక్కకు లొంగుతుందా అన్న నిరాశ సహజం. జర్మనీలో సీమెన్స్ కంపెనీ లంచాల వ్యవహారంలో చిక్కుకుని 2008 డిసెంబరులో అమెరికా, జర్మనీలకు కలిపి దాదాపు 160 కోట్ల డాలర్లు కట్టింది. అంతకుముందే చరిత్రలో తొలిసారి బయటి మనిషిని అధిపతిగా తెచ్చుకుంది. కింది ఉద్యోగులు గడువులోగా వచ్చి నిజం చెబితే ఉద్యోగం పోదని హామీ ఇస్తే వంద మందికి పైగా ముందుకొచ్చారు. అంతవరకూ నోరు విప్పనివాళ్లు ఒక్కసారిగా సత్యహరిశ్చంద్రులైపోలేదు. చెబితే కూడు పోదన్న హామీ వచ్చింది, అంతే. మన దగ్గర మాత్రం ఏం తక్కువ? 2025 ఆగస్టు 4 నుంచి ఫెడరేషన్ 30 శాతం కూలి పెంపు కోసం షూటింగులు ఆపింది. పద్దెనిమిది రోజులు పరిశ్రమ మొత్తం నిలిచిపోయింది. కార్మిక శాఖ మధ్యవర్తిత్వంలో గరిష్ఠంగా 22.5 శాతం, అదీ మూడేళ్లలో విడతలవారీగా అని కుదిరింది. అర శాతం దాకా బేరమాడి, ఎవరికి ఏ ఏడు ఎంతో విభాగాల వారీగా రాసుకుని సంతకాలు పెట్టుకున్న పరిశ్రమ ఇది. దీనికి రాతకోతలు చేతకావనీ, ఇక్కడ అన్నీ నోటిమాట మీదే నడుస్తాయనీ ఎవరైనా అంటే నమ్మొద్దు. డబ్బు సంగతి వచ్చేసరికి కాగితం మీద కామా కూడా వదలరు.

కాబట్టి ఛాంబర్ పెద్దలకూ, ఫెడరేషన్ నాయకులకూ, 'మా' కార్యవర్గానికీ నా విన్నపం ఒక్కటే. కొత్త నియమావళి రాయొద్దు, విలువల ప్రతిజ్ఞలు వద్దు, ఆడియో ఫంక్షన్ వేదిక మీద స్త్రీమూర్తికి వందనాలూ వద్దు. వచ్చే కూలి ఒప్పందంలో ఒక్క షరతు చేర్చండి: ఫిర్యాదు చేసిన మనిషి పని రోజులు ఏడాది పాటు లెక్క చూస్తాం, తగ్గితే సంజాయిషీ అడుగుతాం, ఆ లెక్క చూసేవాడు సినిమావాడై ఉండడు. 2025లో కుదిరిన ఒప్పందం మూడేళ్లది. ఆ షరతు ముసాయిదా రాసి, కార్మికులకు చదివి వినిపించి, బేరమాడుకోవడానికి 2028 దాకా సమయం ఉంది.